బార్కస్‌లో బడి చదువుల చరిత్ర

బార్కస్ హైదరాబాద్ పాతబస్తీకి దక్షిణాన, చాంద్రాయణగుట్ట దాటాక వచ్చే పేట. నిజాం కొలువులోని అరబ్బు సిపాయిల బ్యారక్‌ల వల్ల దానికా పేరు వచ్చింది. ఆ సిపాయిల్లో ఎక్కువమంది నేటి యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం వాళ్లు. వాళ్ల సంతతిని హైదరాబాద్‌లో చావుష్‌లంటారు. లుంగీలు, మండీ, హరీస్, జామపళ్లతో నగరమంతటికీ పరిచయమైన ఈ పేటను ‘చిన్న అరేబియా’ అని వర్ణించడం పరిపాటి. చదువుల చరిత్రను చూస్తే ఆ మాట సగమే నిజం. ఇక్కడి పిల్లలు ఏ భాషలో చదివారు, ఎంతవరకు చదివారు అన్నది తాతల దేశాన్ని బట్టి కాక, ఆయా తరాలకు దొరికిన బతుకుతెరువును బట్టే మారుతూ వచ్చింది.

హద్రమౌత్ నుంచి వచ్చిన సిపాయిలు చాలావరకు ఒంటరిగా వచ్చి ఇక్కడి స్త్రీలను పెళ్లాడారు. దాంతో తరాలు గడిచేకొద్దీ ఇళ్లలో దక్కనీ ఉర్దూ స్థిరపడింది. అరబ్బీ ప్రధానంగా ఖురాన్ పఠనంలో, వంశనామాల్లో, పలకరింపుల్లో నిలిచింది. 1884లో పారశీకం స్థానంలో ఉర్దూ రాజభాష అయింది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మీడియంతో మొదలైంది. ఇంట్లో మాట్లాడే భాషే కచేరీ భాష, కాలేజీ భాష కావడం ఈ పిల్లలకు గొప్ప అవకాశం. కానీ సిపాయి కొడుక్కి సిపాయి కొలువు దొరుకుతున్న రోజుల్లో బడి తప్పనిసరి అనిపించలేదు. అరబ్బీ విద్యకు నగరంలో లోటేమీ లేదు. 1876లో జామియా నిజామియా, 1888లో అరబ్బీ గ్రంథాలు అచ్చువేసే దాయిరతుల్ మారిఫ్ ఏర్పడ్డాయి. అయితే అవి పండితుల కోసం వెలసిన సంస్థలు, బ్యారక్‌ల పిల్లల కోసం పుట్టినవి కావు.

మత సంప్రదాయమే ఇక్కడ ఆధునిక విద్యకు అడ్డు నిలిచిందని కొందరంటారు. అదే నిజమైతే, అదే హద్రమౌత్ నుంచి ఆగ్నేయాసియా రేవు పట్టణాలకు వెళ్లినవాళ్ల చరిత్ర మరోలా ఉండకూడదు. బతావియాలో, అంటే నేటి జకార్తాలో, వాళ్లు 1914లో అల్-ఇర్షాద్ సంఘం పెట్టి, మత పాఠాలతోపాటు లౌకిక విషయాలూ చెప్పే బడులు నడిపారు. సింగపూర్‌లో అల్జునైద్ కుటుంబం 1927లో స్థాపించిన మదరసా ఇప్పటికీ నడుస్తోంది. మతమూ ఒకటే, మూలమూ ఒకటే. తేడా వృత్తిలో ఉంది. అక్కడివాళ్లలో ఎక్కువమంది వర్తకులు. లెక్కలు, ఉత్తరాలు, నాలుగు రేవుల భాషలు వాళ్ల వ్యాపారానికి ప్రాణం. హైదరాబాద్‌కు వచ్చినవాళ్లకు రాజ్యమే జీతమిచ్చింది, చదువు అడగలేదు. ఇక్కడ జమాదారుగా ధనం గడించిన ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఅయితీ సంపద అతని కొడుకులు హద్రమౌత్‌లో ఒక సుల్తానేట్‌ను నిలబెట్టడానికి ఉపయోగపడింది. అంటే డబ్బున్నవాళ్ల చూపు కూడా ఈ పేట బడులకన్నా సొంత దేశపు అధికారం మీదే ఉండేది.

1948 సెప్టెంబరు పోలీసు చర్యతో నిజాం కొలువు మీద నడిచిన ఆ ఏర్పాటు కూలింది. అరబ్బు దళాలు రద్దయ్యాయి, చాలామందిని నిర్బంధించారు, కొందరిని తిప్పి పంపారు. ఇక్కడే పుట్టి పెరిగి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలకు కొలువు పోయింది. ఉస్మానియా ఇంగ్లిషుకు మారడంతో ఉర్దూ చదువుకు ఉన్న విలువా తగ్గింది. ఒకే తరం మీద పడిన ఈ రెండు దెబ్బలను పక్కనపెట్టి పాతబస్తీ చదువుల వెనుకబాటును అంచనా వేయడం అన్యాయం. 1970లలో చమురు ధరలు పెరిగి గల్ఫ్ తలుపులు తెరుచుకున్నాయి. అప్పుడు ఇంగ్లిషుకు గిరాకీ పెరిగింది, వాడుక అరబ్బీకి కూడా కొత్త విలువ వచ్చింది.

ఉపాధే అన్నిటినీ నిర్ణయిస్తే, ఉద్యోగం ఇవ్వని ఖురాన్ చదువు ఇన్ని మార్పుల్లోనూ ఎలా నిలిచిందన్న ప్రశ్న సమంజసమే. అది బడితో పోటీ పడే చదువు కాదు కనుక నిలిచింది. బడికి ముందో తర్వాతో ఒక గంట ఖురాన్ నేర్చుకోవడం, పగలంతా మామూలు బడికి వెళ్లడం ముస్లిం కుటుంబాల్లో సాధారణం. దేశం మొత్తంమీద పూర్తికాలం మదరసాల్లో చదివే ముస్లిం పిల్లలు నాలుగు శాతానికి మించరని 2006లో సచార్ కమిటీ తేల్చింది. బడి కూడా ఈ జీవితానికి కొంత సర్దుకుంది: రంజాన్ నెలలో తెలంగాణలోని ఉర్దూ మీడియం ప్రభుత్వ బడులు ఉదయం ఎనిమిదికే మొదలై మధ్యాహ్నం ముగుస్తాయి.

తెలంగాణ ఏర్పడ్డాక 2016లో మైనారిటీ గురుకులాలు ఇంగ్లిషు మీడియంతో మొదలై 204కు పెరిగాయి. మరోవైపు ఉర్దూ మీడియంలో రిజర్వుడు ఉపాధ్యాయ పోస్టులు అర్హులైన అభ్యర్థులు దొరక్క మిగిలిపోతూ వచ్చాయి. టీచరు లేని బడిని తల్లిదండ్రులు వదిలేస్తే దాన్ని భాష మీద విముఖత అనలేం. 2018 చట్టం పదో తరగతి వరకు అన్ని బడుల్లోనూ తెలుగును తప్పనిసరి చేసింది. ఇది పైనుంచి రుద్దడమేనన్న అభ్యంతరం ఉంది. కానీ రాష్ట్ర ప్రభుత్వోద్యోగాల్లో, కోర్టుల్లో, ఆసుపత్రుల్లో తెలుగు రాని యువకుడికి కలిగే నష్టం దానికన్నా పెద్దది. లోపం బోధించే తీరులో ఉంది. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలకు తెలుగును కొత్త భాషగా నేర్పే శిక్షణ ఉన్న ఉపాధ్యాయులు కావాలి. మాతృభాష తెలుగైన పిల్లలకు చెప్పినట్టే వీళ్లకూ పాఠం చెబితే, అది పరీక్షలో గట్టెక్కాల్సిన సబ్జెక్టుగానే ఉండిపోతుంది.