పద్నాలుగో కిలోమీటరు

2025 ఫిబ్రవరి 22, శనివారం. నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట. శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగంలోకి పొద్దుటి షిఫ్టు వాళ్లను ఎక్కించుకుని లోకో ట్రైన్ బయల్దేరింది. ముఖద్వారం దాటాక వెలుతురు నిమిషాల్లో వెనకపడిపోతుంది. అక్కడి నుంచి పని జరిగే చోటికి సుమారు 14 కిలోమీటర్లు. పైన నల్లమల, పులుల అభయారణ్యం. కింద గుండ్రటి కాంక్రీటు గొట్టం, పట్టాలు, గాలి పైపులు, నీళ్లు తోడే పైపులు, రాతిపొడిని బయటికి మోసుకొచ్చే కన్వేయర్ బెల్టు. చివరన రాతికి ముఖం ఆనించి నిలబడ్డ టన్నెల్ బోరింగ్ మెషిన్. సైటులో అందరూ టీబీఎం అంటారు.

ఏళ్ల తరబడి ఆగిపోయిన పని కొద్ది రోజుల ముందే మళ్లీ మొదలైంది. ఆ ఉదయం లోపల సుమారు 50 మంది ఉన్నారు. అందులో తెలుగువాళ్లకంటే బయటి రాష్ట్రాల వాళ్లే ఎక్కువ. ఉత్తరప్రదేశ్ నుంచి, పంజాబ్ నుంచి, జమ్మూకశ్మీర్ నుంచి, జార్ఖండ్ పల్లెల నుంచి వచ్చినవాళ్లు. నల్గొండ పొలాలకు నీళ్లు రావాలని వాళ్లు మన కొండ కింద రాయి తొలుస్తున్నారు.

ఈ సొరంగం ఎందుకో నల్గొండ వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయిన తరాలు అక్కడివి. శ్రీశైలం జలాశయం నుంచి 43.93 కిలోమీటర్ల సొరంగం తవ్వితే మోటార్లతో పనిలేకుండా, వాలుకే, 30 టీఎంసీల కృష్ణా నీరు పారుతుందని లెక్క. 2005లో పని అప్పగించారు. శ్రీశైలం వైపు నుంచి ఒక యంత్రం, అవతల మన్నెవారిపల్లి వైపు నుంచి మరొకటి తవ్వుకుంటూ వచ్చి మధ్యలో కలుసుకోవాలి. పైన అభయారణ్యం ఉంది కాబట్టి మధ్యలో ఎక్కడా భూమిపైకి దారి తెరవలేదు. లోపలికి వెళ్లినవాడు వచ్చిన దారినే తిరిగి రావాలి. 2009 అక్టోబరు వరదల్లో కృష్ణ పొంగి శ్రీశైలం వైపు సొరంగంలోకి నీరు చేరి యంత్రం మునిగింది. ఆ తరువాత ఊటనీరు, అరిగిపోయిన విడిభాగాలు, డబ్బు కొరత ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. 2025 నాటికి రెండువైపులా కలిపి 34 కిలోమీటర్ల పైచిలుకు పూర్తయింది. తొమ్మిదిన్నర కిలోమీటర్లు మిగిలింది.

ఆ మిగిలిన దాంట్లో శ్రీశైలం వైపు వాళ్లకు అదనంగా ఒక కష్టం ఉంది. నీరు పారాల్సింది శ్రీశైలం నుంచి నల్గొండకు. అంటే ఈ వైపు నుంచి తవ్వేవాళ్లు వాలు దిగుతూ తవ్వుతున్నారు. అవతలివైపు గోడల్లోంచి ఊరిన నీరు దానంతటదే బయటికి జారిపోతుంది. ఇవతల ఊరిన ప్రతి చుక్కా యంత్రం దగ్గరికే వచ్చి చేరుతుంది. దాన్ని 14 కిలోమీటర్లు ఎదురెక్కించి తోడిపోయాలి. పంపులు ఆగితే యంత్రం, మనుషులు నీళ్లలోనే. వాలు ఎటుందన్న ఈ ఒక్క విషయం తెలుసుకుంటే ఆ తరువాత రెండు నెలలు అక్కడ ఏం జరిగిందో సగం అర్థమవుతుంది.

ఇక యంత్రం సంగతి. ముందు పది మీటర్ల వ్యాసమున్న ఉక్కు చక్రం, దాని ముఖం నిండా రాతిని నలిపే డిస్కులు. చక్రం తిరుగుతూ రాతిని నొక్కుతుంది. రాయి పెచ్చులుగా రాలుతుంది. ఆ పెచ్చులు బెల్టు మీద పడి వెనక్కి వెళ్తాయి. చక్రం వెనక ఉక్కు కవచం, ఆ కవచం చాటున ముందే పోసి ఆరబెట్టిన కాంక్రీటు పలకలను ఒక్కొక్కటే ఎత్తి ఉంగరంలా బిగిస్తారు. సైటు భాషలో వాటిని సెగ్మెంట్లంటారు. రాతికీ సెగ్మెంటుకీ మధ్య సందును సన్నకంకరతో, సిమెంటు పాలతో నింపుతారు. అది నిండుగా నింపితేనే ఉంగరం కొండ బరువును అన్నివైపులా సమానంగా మోస్తుంది. ఒకచోట బోలుగా ఉండిపోతే ఆ బోలులోకి నీరు చేరుతుంది, మట్టి చేరుతుంది.

దాన్ని నడిపే ఆపరేటర్ క్యాబిన్‌లో కూర్చుంటాడు. జేసీబీ నడిపేవాడికి బకెట్టు కనిపిస్తుంది, గోతి అంచు కనిపిస్తుంది, కాలికింద నేల జారుతుంటే బండి ఒరగడం నడుముకే తెలుస్తుంది. టీబీఎం ఆపరేటర్‌కు తాను తవ్వుతున్న రాయి కనబడదు. చక్రం, కవచం అడ్డం. అతనికి కనిపించేవి తెరమీద అంకెలు: ఎంత బలంతో నొక్కుతున్నాం, చక్రం తిరగడానికి ఎంత శక్తి పడుతోంది, నిమిషానికి ఎన్ని మిల్లీమీటర్లు ముందుకు పోతున్నాం, బెల్టు మీద ఎంత బరువు వస్తోంది. ఆ అంకెల్లోంచే అతను కొండను చదవాలి. గట్టి క్వార్ట్‌జైట్‌లో చక్రం మొండికేస్తుంది. అదే చక్రం ఉన్నట్టుండి తేలిగ్గా తిరిగిందంటే సంతోషించాల్సిన పని కాదు, ముందు మెత్తటి చోటు తగిలిందన్నమాట. ఒక మీటరు ముందుకు పోయినప్పుడు రావాల్సిన దానికంటే ఎక్కువ రాయి బెల్టు మీద పడిందంటే పైనుంచి ఎక్కడో కూలుతోంది, చక్రం ముందు గుహ ఏర్పడుతోంది. అప్పుడు ఆగాలి.

నీటి రంగు కూడా చూసుకోవాలి. గోడలోంచి తేటనీరు ఎంత ఊరినా పంపులతో కొంతవరకు వేగొచ్చు. అదే నీరు బురదరంగు తిరిగితే, అది రాతి పగుళ్లలోని మట్టిని కడిగి తీసుకొస్తోందని అర్థం. పైన ఖాళీ పెరుగుతోంది. భూగర్భంలో పనిచేసిన పాతకాపులు ఈ మాట కొత్తవాళ్లకు మొదటిరోజే చెబుతారు.

వీటన్నిటికంటే ముందు చేయాల్సింది ఇంకొకటుంది. యంత్రం కవచానికి ఉన్న రంధ్రాల్లోంచి సన్నటి డ్రిల్లును ఇరవై ముప్పై మీటర్లు ముందుకు పంపి చూడటం. నీరు చిమ్మితే, మెత్తటి పొర తగిలితే, ఆ రంధ్రాల గుండానే సిమెంటో రసాయనమో ఎక్కించి రాతిని గట్టిపరచి, అప్పుడు చక్రం కదపాలి. దీనికి రోజులు పడుతుంది. ఆ రోజుల్లో ఒక్క మీటరు కూడా ముందుకు పోరు. గడువు తరుముతున్న ప్రాజెక్టులో ఈ రోజులను ఇవ్వడానికి ఎవరికీ మనసొప్పదు. నా దృష్టిలో యంత్రాన్ని భద్రంగా నడపడమంటే మొదటగా ఈ రోజులను ఇవ్వడమే. క్యాబిన్‌లో ఉన్న మనిషి ఎంత నేర్పరి అయినా, ఆగే హక్కు అతని చేతిలో లేనప్పుడు ఆ నేర్పు ఎవరినీ కాపాడదు.

2020లోనే సొరంగం ముందుభాగాన్ని కంపన తరంగాలతో పరిశీలించిన ఒక నివేదిక, 13.88 నుంచి 13.91 కిలోమీటరు మధ్య పగుళ్లుబారిన, నీరు నిండిన బలహీనమైన రాయి ఉండొచ్చని హెచ్చరించిందని ప్రమాదం తరువాత పత్రికల్లో వచ్చింది. ఆ శనివారం యంత్రం ఉన్నది సరిగ్గా ఆ ప్రాంతంలోనే.

ఉదయం ఎనిమిదిన్నర ప్రాంతం. పని మొదలైన కాసేపటికే ఊట పెరిగింది. నీటితోపాటు మట్టి రాలడం మొదలైంది. ఆ తరువాత పెద్ద చప్పుడు. పైకప్పు కూలి, సెగ్మెంట్లు విరిగి, కొండలోని నీరు, మట్టి, బండరాళ్లు ఒక్క ఉదుటున సొరంగంలోకి దూకాయి. వందల టన్నుల ఆ ఉక్కు యంత్రం విరిగి పదుల మీటర్లు వెనక్కి కొట్టుకుపోయింది. యంత్రానికి వెనక ఉన్నవాళ్లు వెనుదిరిగి పరుగెత్తారు. వెనక బురద తరుముకొస్తోంది. కొందరు గాయాలతోనే లోకో దాకా చేరారు. 42 మంది బయటపడ్డారు.

ఎనిమిది మంది రాలేదు. ఇద్దరు ఇంజినీర్లు, ఇద్దరు ఆపరేటర్లు, నలుగురు కూలీలు. వాళ్లంతా యంత్రం ముందుభాగాన, కూలిన చోటికి దగ్గరగా ఉన్నవాళ్లు. ఆ నలుగురు కూలీలూ జార్ఖండ్ వాళ్లే.

సాయంత్రానికల్లా దోమలపెంట మారిపోయింది. ఎన్‌డీఆర్‌ఎఫ్, ఎస్‌డీఆర్‌ఎఫ్, సైన్యం, నౌకాదళం, సింగరేణి రెస్క్యూ బృందాలు ఒకరి తరువాత ఒకరు దిగారు. ఉత్తరాఖండ్‌లోని సిల్‌క్యారా సొరంగంలో 41 మందిని బయటికి తెచ్చిన ర్యాట్ హోల్ మైనర్లు వచ్చారు. అక్కడ చిక్కుకున్నవాళ్లు కూలిన చోటికి అవతల ఖాళీలో, ప్రాణాలతో, పైపు గుండా మాట్లాడుతూ ఉన్నారు. ఇక్కడ ఖాళీ లేదు. పిలిస్తే పలికినవాళ్లు లేరు. వాలు సంగతి చెప్పాను కదా, నిమిషానికి వేల లీటర్ల ఊట వచ్చి ఆ చివరకే చేరుతోంది. తోడుతుంటే ఊరుతోంది. బురద గట్టిపడుతోంది. తెగిన బెల్టు పనిచేయడం లేదు. నడిచి, లోకోలో వెళ్లి, మళ్లీ నడిచి చేరాలి.

ఇక్కడ రెండోసారి యంత్రాల భద్రత ప్రశ్న ఎదురైంది. ఈసారి మరింత కఠినంగా. టీబీఎం ముక్కలను గ్యాస్ కట్టర్లతో, ప్లాస్మా కట్టర్లతో కోసి తీయాలి. దక్షిణమధ్య రైల్వే నిపుణులు ఆ పని చేశారు. బురదను ఎక్స్‌కవేటర్లతో ఎత్తాలి. మామూలు సైటులో ఎక్స్‌కవేటర్ ఆపరేటర్‌కు మొదటి నియమం: బండి తిరిగే పరిధిలో మనిషి ఉంటే బకెట్టు కదపకూడదు. ఇక్కడ ఆ ఇరుకులో పక్కనే పారలు పట్టుకున్న మనుషులు. రెండో నియమం: ఊగే కప్పు కింద బండి పెట్టకూడదు. ఇక్కడ కప్పు అప్పటికే ఒకసారి కూలింది. అన్నిటికంటే పెద్ద భారం, ఆ బకెట్టు పళ్ల కింద ఎవరు ఉన్నారో అన్నది. కేరళ పోలీసుల శునకాలు వాసన పట్టి గుర్తించిన చోట్లకు డీ1, డీ2 అని పేర్లు పెట్టి, అక్కడ యంత్రాన్ని వెనక్కి తీసి మనుషులు చేతులతో తవ్వారు. సింగరేణి వాళ్లు తమ గనుల్లో చేసినట్టే చెక్కదిమ్మెలు అడ్డం నిలువు పేర్చి కప్పుకు ఊతమిచ్చారు. ఆ రోజుల్లో టీవీ చర్చల్లో 'ఎందుకింత ఆలస్యం' అన్న ప్రశ్నే ఎక్కువ వినిపించింది. ఆ రెండు నెలల్లో మరో ప్రాణం పోలేదంటే ఆ ఆలస్యం వల్లే. ఎనిమిది మంది కోసం లోపలికి వెళ్లిన వందలమంది, షిఫ్టు తరువాత షిఫ్టు, క్షేమంగా బయటికి వచ్చారు. దీన్ని ఎవరూ తగినంతగా చెప్పుకోలేదు.

మార్చి 9న మొదటి మృతదేహం దొరికింది. పంజాబ్ నుంచి వచ్చిన టీబీఎం ఆపరేటర్‌ది. మార్చి 25న రెండోది, ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఇంజినీరుది. ఏప్రిల్ వచ్చేసరికి కూలిన చోటికి చివరి కొన్ని పదుల మీటర్లే మిగిలాయి. అక్కడ అడుగు పెడితే కప్పు మళ్లీ కూలుతుందని భూగర్భ నిపుణులు చెప్పారు. ఏప్రిల్ చివరివారంలో గాలింపు ఆపేశారు. ఆరుగురు అక్కడే ఉండిపోయారు. చితి లేదు, సమాధి లేదు. జార్ఖండ్ ఇళ్లలో ఆ నలుగురి కోసం ఏ కర్మ ఏ రోజున చేయాలో తేల్చుకోవడం కూడా కష్టమే.

ప్రాజెక్టు ఆగలేదు. ఆగకూడదని నల్గొండ రైతు కోరుకోవడంలో తప్పూ లేదు. మిగిలిన దూరాన్ని డ్రిల్లింగ్, బ్లాస్టింగ్ పద్ధతిలో తవ్వాలని నిర్ణయించారు. 2025 నవంబరులో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు హెలికాప్టర్ కింద పెద్ద వలయాన్ని వేలాడదీసి, విద్యుదయస్కాంత తరంగాలతో నల్లమల కింద ఎక్కడ నీరుందో, ఎక్కడ రాయి చీలిందో చూసే సర్వే మొదలుపెట్టారు. ఇది 2005లోనే జరిగి ఉండాల్సిన పని అని ఎవరికైనా అనిపిస్తుంది. ఇప్పటికైనా జరగడం మంచిదే.

బ్లాస్టింగ్ పద్ధతిలో టీబీఎం ఉండదు, ఉక్కు కవచం కూడా ఉండదు. పేలుడు మందు పేలి, పొగ తగ్గాక, వేలాడుతున్న రాళ్లను రాల్చి, కప్పుకు బోల్టులు బిగించి, కాంక్రీటు చిమ్మాలి. ఆ తరువాతే ముక్కలైన రాతిని ఎత్తే ఎక్స్‌కవేటర్ ముందుకు కదలాలి. ఈ వరుసలో ఒక్క అంచె తప్పినా, దెబ్బ మొదట తగిలేది ఎక్స్‌కవేటర్‌లో కూర్చున్న మనిషికి. పేలిన ప్రతిసారీ కొత్తగా తెరుచుకున్న కప్పు కిందికి ముందుగా పోయేది అతనే. కాబట్టి ఆ సర్వే పటం నీటిపారుదల శాఖ కార్యాలయమైన జలసౌధలోని కంప్యూటర్లలో ఉంటే చాలదు. రేపు తవ్వబోయే ఇరవై మీటర్లలో ఏముందో షిఫ్టు ఎక్కేముందు అతనికి చెప్పాలి, తెలుగులో కాకపోతే హిందీలో, హిందీలో కాకపోతే జార్ఖండ్ వాళ్ల సాద్రీలో. నీరు బురదరంగు తిరిగిందని అతను బండి ఆపి దిగితే, ఆ రోజు కూలి కోతపడదని కాగితం మీద రాసివ్వాలి.