ఎర్రగడ్డ, ఎనుము, సైటు: హోసూరు తెలుగు గురించి

హోసూరులో కొత్తగా బాడుగకు దిగిన ఆంధ్రావాళ్ళు మావాళ్ళను తరచుగా అడిగే మాట ఒకటుంది: "మీరు ఆంధ్రా నుంచి ఎప్పుడొచ్చారు?" మేము యాడ్నించీ రాలేదు, ఇక్కడోళ్ళమే అంటే, ఆ వెనకాలే ఇంకో మాట వస్తుంది: "మీ తెలుగులో అరవం కలిసిపోయిందండీ." మొదటిదానికి నవ్వి ఊరుకోవచ్చు. రెండోదానికి జవాబు చెప్పాల.

హోసూరు బెంగళూరుకు 40 కిలోమీటర్లు, మద్రాసుకు 300 పైన. కోలారు, బెంగళూరు, కుప్పం, హోసూరు పక్కలను కలిపి పాతోళ్ళు మొరసునాడు అంటారు. 1799లో టిప్పు పడిపోయినాక హోసూరు సీమ కుంపిణీకి చిక్కి సేలం జిల్లాలో చేరింది. 1956లో భాషల లెక్కన రాష్ట్రాలు పంచుకున్నప్పుడూ మద్రాసులోనే నిలిచిపోయింది. 1965లో ధర్మపురి జిల్లా, 2004లో క్రిష్ణగిరి జిల్లా. కచేరీలు మారినాయి గానీ ఇంట్లో మాట మారలేదు. ఊరి పేరు కన్నడం (మన మాటలో అయితే కొత్తూరు), ఏలుబడి అరవం, చుట్టూ మూకండపల్లి, ఆవలపల్లి, 1878లో రాజాజీ పుట్టిన తొరపల్లి. ఈ 'పల్లి'ని అరవంలో 'ళ్ళ' పెట్టి రాస్తారు. అరవంలో ఆ మాటకు బడి అని అర్థం. బోర్డులు చూసిన కొత్తవాడు ఇక్కడ చదువు బాగా ముదిరిందనుకోవాల!

ఇంక కలిసిపోయిందనే మాట. మేము ఉల్లిపాయను ఎర్రగడ్డ అంటాం, వెల్లుల్లిని తెల్లగడ్డ. అరవంలో ఉల్లిపాయ వెంగాయం, కన్నడంలో ఈరుళ్ళి. ఎర్రగడ్డ ఈ రెండింటిలో దేన్నుంచి వచ్చినట్టు? గేదెను ఎనుము అంటే కొందరు అరవం 'ఎరుమై' అనుకుంటారు. ఎనుము చక్కటి పాత తెలుగు మాట, రాయలసీమలో ఈనాటికీ పాలిస్తానే ఉండాది. 'పొయ్యేకి', 'చేసేకి' అనేవి అనంతపురం, హిందూపురం పక్క కూడా వినబడేవే. బెజవాడ మాటకు దూరమైనదంతా అరవం అయిపోదు.

నిజంగా కలగలుపు జరిగింది ఈ యాభై ఏండ్లలో. వెనకబడిన తావులకు ఫ్యాక్టరీలు తెచ్చేకని తమిళనాడు సర్కారు 1971లో సిప్కాట్ పెట్టింది. హోసూరులో నేల అగ్గువ, పెద్ద రోడ్డు పక్కనే, బెంగళూరు గంట దూరం. అశోక్ లేలాండ్, టీవీఎస్, టైటాన్ వచ్చినాయి. పనులకు తమిళనాడు నలుమూలల నుంచి జనం వచ్చినారు. ఆమీద బెంగళూరులో బాడుగలు కట్టలేనోళ్ళు వచ్చినారు. 2019లో హోసూరు కార్పొరేషన్ అయింది. వచ్చినోళ్ళను తప్పుపట్టేకి లేదు, బతుకుతెరువు అందరికీ కావాల. అయితే సంతలో తెలుగులో బేరమాడే అలవాటు అప్పుడే సన్నగిల్లింది. ఇంట్లో ఎర్రగడ్డ, అంగట్లో వెంగాయం.

బడి సంగతి ఇంకా గట్టిది. 2006లో చేసిన చట్టంతో తమిళం ఒకటో తరగతి నుంచి తప్పనిసరి అయింది, ఏడాదికొక తరగతి చొప్పున పైకి పాకింది. ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో తెలుగు అక్షరం దిద్దని పిల్లలు ఒక తరం తయారైనారు. వాళ్ళకు మాట ఉండాది, రాత లేదు.

నేల అమ్ముడుపోతే దానితో పొయ్యే మాటలు వేరే. చేను, మడి, కళ్ళం, వామి, ఇవన్నీ పోయి ఇప్పుడు మిగిలింది సైటు. ముప్పై నలభై సైటు అంటే ఊళ్ళో పసిబిడ్డకూ తెలుసు. మడకకు మేడి యాడుంటుందో వాళ్ళ నాయనకే తెలీదు.

వంటింట్లో మాటలు కొంచెం నిలబడినాయి. సంగటి ఉండాది, ఊరిబిండి ఉండాది. రాగిచేనులో సాళ్ళ నడుమ వేసే అనపకాయలు చలికాలంలో కాస్తాయి. గింజలు రాత్రి నానబెట్టి, పొద్దున ఒక్కొక్కదాన్నీ వేళ్ళ నడుమ పితికితే తోలు ఊడి పప్పు బయటికి దుముకుతుంది. అదే పితికిపప్పు. ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుంటే గాని తెమిలే పని కాదు, అందుకే కబుర్లు, పొడుపుకతలు దానిచుట్టే ఉండేవి. ఇప్పుడు పితికిందే అంగట్లో అమ్ముతారు, తూకానికి.