పదహారేళ్ళలోపు బాలుడు: ఒక పాత చట్టం, నేటి బడి

చట్టాలను శిక్షల పట్టికలుగా మాత్రమే చదివే అలవాటు మనకు వుంది. ఒక సమాజం ఎవరిని చూసి భయపడిందో, ఏ బాధ్యతనుంచి తప్పించుకున్నదో తెలుసుకోవటానికి కూడా అవి పనికివస్తాయి. నిజాం ప్రభుత్వం 1329 ఫసలీలో, అనగా 1919లో, చేసిన నపుంసకుల చట్టం అటువంటిది. నిజాం రాజ్యం పోయింది, ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, అదీ రెండయింది. యీ చట్టం మాత్రం పేరు మార్చుకుంటూ నిలిచివచ్చింది. వైజయంతి వసంత మొగ్లి ప్రభృతులు 2018లో దాఖలు చేసిన వ్యాజ్యం మీద తెలంగాణ హైకోర్టు 2023 జూలై 6న దీనిని రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసింది. దాని ఆయుర్దాయం 104 సంవత్సరాలు.

యీ చట్టం కింద హిజ్రాల పేర్లు రిజిస్టరులో ఎక్కించాలి. వారు స్త్రీవేషంతో వీథిలో కనిపిస్తే వారంటు లేకుండా పట్టుకోవచ్చు. యివి బాగా చర్చకు వచ్చిన అంశాలే. విద్యావంతుల దృష్టి అంతగా సోకనిది మరొక నిబంధన వుంది: రిజిస్టరులో వున్న హిజ్రా యింట పదహారేళ్ళలోపు బాలుడు వుంటే అది నేరం, రెండేళ్ళ వరకు ఖైదు. ఆ బాలుణ్ణి మేజిస్ట్రేటు తల్లిదండ్రులకు అప్పగించాలి. వారు దొరకకపోతే పోషణకు, చదువుకు ఏర్పాటు చెయ్యాలి.

దీనికి మూలం నిజాం దర్బారులో లేదు. బ్రిటిషువారు 1871లో చేసిన నేరస్థ తెగల చట్టం రెండవ భాగంలో యించుమించు యివే మాటలు వున్నాయి. హిజ్రాలు పిల్లల్ని ఎత్తుకుపోతారన్న అనుమానం ఆ చట్టానికి ప్రాణం. కొన్ని తెగలను పుట్టుకతోనే దొంగలని ముద్రవేసిన కలమే వీరిని కూడా అదే కాగితం మీద నమోదు చేసింది. వలసపాలకుడు తన ప్రాంతంలో రాసినదాన్ని సంస్థానాధీశుడు దాదాపు అర్ధశతాబ్దం తర్వాత తన నగరంలో అమలుపెట్టాడు. సికింద్రాబాదు దండుప్రదేశంలో తెల్లవాడి జెండా, పక్కనే నగరంలో ఆసఫ్‌జాహీ జెండా ఎగురుతున్నా, యీ విషయంలో ఇద్దరి చూపూ ఒకటే.

పిల్లలకు రక్షణ అక్కరలేదని ఎవరూ అనరు. కాని ఆ బాలుడు సొంత యిల్లు ఎందుకు విడిచాడు? బడి ఎందుకు మానాడు? యీ రెండు ప్రశ్నలూ ఆ చట్టంలో ఎక్కడా లేవు. బాలుడు ఎప్పుడూ అపహరింపబడినవాడే తప్ప, కొట్టి తరమబడినవాడు కాడు. తలుపు తీసిన యింటిమీద నేరం మోపి, తలుపు మూసిన యింటిని, బడిని నిర్దోషులుగా నిలబెట్టటమే ఆ నిబంధన చేసిన పని.

సికింద్రాబాదు స్టేషను 1874లో వచ్చింది. దాని ఒక ద్వారం బోయిగూడ వైపు తెరుచుకుంటుంది. బోయీల పేరు నిలుపుకున్న యీ పేట మోతపనివారికీ, వలసకూలీలకూ కొత్త కాదు. బ్రతుకుతెరువు వెతుక్కుంటూ రైలు దిగేవారి గురించి మనం కథలు రాశాం, కవితలు రాశాం. నడకలో ఆడతనం వుందని అన్నదమ్ముల చేత దెబ్బలు తిని, టిక్కెట్టు లేకుండా వచ్చి దిగే పదిహేనేళ్ళ పిల్లవాడు కూడా వలసవాడే. కూలికి వచ్చినవాడికి వూళ్ళో ఒక గుడిసె మిగిలివుంటుంది; పండక్కి పోవచ్చు. వీడికి ఆ దారి కూడా వుండదు.

అటువంటివారికి అన్నం పెట్టింది చాలాకాలంగా హిజ్రాల యిళ్ళే. గురువు తల్లి అవుతుంది, తోటి చేలాలు అక్కచెల్లెళ్ళవుతారు. దీన్ని స్వర్గంగా చిత్రించనక్కరలేదు. అక్కడా పెత్తనం వుంది, సంపాదనలో వాటా వుంది. బిచ్చమో, వొళ్ళమ్ముకోవటమో తప్ప వేరే పని దొరకని దుస్థితి వుంది. తమిళ రచయిత్రి ఎ. రేవతి ఆత్మకథ ఆ ఆదరణనూ, ఆ హింసనూ రెంటినీ దాచకుండా చెప్పింది. పి. సత్యవతి గారు దానిని ‘ఒక హిజ్రా ఆత్మకథ’గా తెలుగు చేశారు, 2019 సంవత్సరానికి ఆ అనువాదానికి కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం లభించింది. బడిలో ఎగతాళి, యింట్లో దెబ్బలు, ఆ తర్వాత రైలు: యీ క్రమాన్ని అందులో ప్రతి ఉపాధ్యాయుడూ చదువవలసి వుంది.

ఎందుకంటే బడి మన చేతిలోనిది. తెలుగు పంతులు విరాటపర్వం చెబుతాడు. బృహన్నల పాత్రను రసవంతంగా వర్ణిస్తాడు. 1963లో ‘నర్తనశాల’లో రామారావు ఆ పాత్ర ధరిస్తే ఆంధ్రదేశం మెచ్చుకుంది. ఆడవేషాలు కట్టిన స్థానం నరసింహారావుకు 1956లో పద్మశ్రీ యిచ్చాం. అది కళ, యిది జీవితం. రెండూ ఒకటి కావన్నది నిజమే. అయినా రంగస్థలం మీద చప్పట్లు కొట్టిన చేతులే తరగతిలో రెండో బెంచీ పిల్లవాడిని ‘ఆడంగి’ అని వెక్కిరిస్తుంటే వారించకుండా వూరుకోవటాన్ని ఏమనాలి? ఆ మాటకు తరగతి నవ్వుతుంది. పంతులూ నవ్వితే ఆ పిల్లవాడి చదువు ఆ రోజుతో సగం ముగిసినట్టే.

కనిపించేవారి సంగతి యిది. కనిపించకుండా వుండేవారు యింకా వున్నారు. సాటి పిల్లను ప్రేమించిన పిల్ల, సాటి కుర్రవాణ్ణి ప్రేమించిన కుర్రవాడు రైలెక్కరు; నోరెత్తరు. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు 377వ సెక్షనును సడలించి, పెద్దల పరస్పర సమ్మతిని నేరం కాదన్నది. గొప్ప తీర్పే. కాని పద్ధెనిమిది నిండేదాకా ఆ పిల్లలు ఎవరితో మాట్లాడాలి? ఆడపిల్ల విషయంలో బడి మాన్పించి పెళ్ళి చెయ్యటమే చాలా యిళ్ళకు తెలిసిన మందు.

2014లో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ల పౌరత్వ హక్కులను గుర్తించింది. 2019లో వచ్చిన చట్టం విద్యాసంస్థలు వివక్ష లేకుండా చదువు చెప్పాలన్నది. అదే చట్టం, కోర్టు ఉత్తరువు లేనిదే పిల్లల్ని తల్లిదండ్రులనుంచి వేరుచెయ్యరాదనీ, కుటుంబం చూసుకోలేకపోతే పునరావాస కేంద్రానికి పంపాలనీ కూడా అన్నది. అయితే యిల్లు, కాకపోతే సర్కారు కేంద్రం! 1919 నాటి మేజిస్ట్రేటు ముందున్న దారులు కూడా యివే గదా. యిక బడిని మార్చే ప్రయత్నం సంగతి: ట్రాన్స్‌జెండర్ పిల్లల విషయమై ఉపాధ్యాయుల కోసం జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి 2021లో ఒక కరదీపికను వెలువరించింది. అభ్యంతరాలు రాగానే కొద్దిరోజుల్లోనే దానిని తన వెబ్‌సైటునుంచి తీసివేసింది.

కోర్టు ఒక చట్టాన్ని కొట్టివేయగలదు. తరగతిలోని నవ్వును కొట్టివేయటం కోర్టు వల్ల కాదు. అది ఉపాధ్యాయుని పని, ఉపాధ్యాయ సంఘాల పని, విద్యార్థి సంఘాల పని. కులం పేరుతో పిల్లవాణ్ణి తిడితే మనం ధర్నా చేస్తాం, చెయ్యాలి కూడా. నడక పేరుతో తిట్టినప్పుడు అది ‘తర్వాత చూసుకునే’ సమస్య ఎలా అవుతుంది? చదువు మానిన ప్రతి పిల్లవాడూ కూలిరేటు తగ్గించే సంతలో మరొక చవక చెయ్యి అవుతాడన్న సూత్రం యిక్కడ కూడా వర్తిస్తుంది. పైగా వీడికి ఆ కూలి కూడా దొరకదు. హాజరుపట్టీలో పేరు కొట్టివేసే ముందు, ఆ పిల్లవాడు ఎందుకు రావటం లేదో వాళ్ళ యింటికి వెళ్ళి అడిగే ఉపాధ్యాయుడు ప్రతి బడిలో ఒక్కడైనా వుండాలని మన సంఘాలు తీర్మానించి, ఆ తీర్మానాన్ని ఆచరణలో పెట్టవలసి వుంది.