అగ్గువ బట్ట, పాత ఖాతా

1874లో వాడి నుండి సికింద్రాబాదుకు తాండూరు, వికారాబాదుల మీదుగా రైలుబాట పడినది. పూడూరు వంటి పల్లెలకు స్టేషను బండిదారి దూరమున నిలిచినది. ఆ రైళ్లలో బొంబాయి, మాంచెస్టరు మిల్లుల బట్ట వచ్చినది. అది మగ్గపు బట్టకంటె అగ్గువ. తాతలనాటి నుండి ఒకే నేతయింట ఖాతా గల రైతు ఏమి చేయవలెను? నేతగాడు పంటదాక ఆగును; మిల్లుబట్టకు రొక్కము కావలెను. అయినను ఇంటిల్లిపాదికి ఒళ్లు కప్పవలసినవాడు గజము ధరయే చూచును. వానిని మేము నిందింపజాలము.

అంతమాత్రమే కాదు. నేతవారును మిల్లునూలుకే మరలిరి. చేతినూలుకంటె అదియు అగ్గువయే గదా! వారికి నూలు వడికి యిచ్చిన అవ్వల రాట్నములు అటకెక్కినవి. ఆ ఖాతా తెగినదని తలచినవారు తక్కువ. 1921లో బెజవాడలో కూడిన అఖిల భారత కాంగ్రెసు సంఘము, ఇరువది లక్షల రాట్నములను ఇండ్లలో తిరిగి నెలకొల్పవలెనని తీర్మానించినది.