ఓలి లెక్క తేలింది, మరి బిడ్డ?

మా కోయ పల్లెల్లో మొగుడూ పెళ్లాం విడిపోవాలంటే కోర్టుకు పోయేవాళ్లం కాదు. పెద్దల ముందు రెండు వైపులవాళ్లూ కూర్చునేవారు. తప్పు ఎవరిదో తేల్చి దండుగ కట్టించేవారు, ఓలి లెక్క చూసేవారు. మారుమనువు మాకు నామోషీ కాదు.

1955లో హిందూ వివాహ చట్టం వచ్చింది. కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప షెడ్యూల్డ్ తెగలకు అది వర్తించదని అందులోని 2వ సెక్షనే చెబుతుంది. కనుక మా పెళ్లికీ విడాకులకూ ఆచారమే ఆధారం. అయితే దాన్ని కోర్టులో రుజువు చేయాల్సిందీ మేమే. సంతాల్ తెగకు చెందిన భర్త రెండో పెళ్లి చేసుకున్నాడంటూ భార్య వేసిన కేసు 2001లో సుప్రీంకోర్టులో నిలవలేదు. రెండో పెళ్లిని నిషేధించే ఆచారం ఉందని ఆమె రుజువు చేయలేకపోయింది. నోటిమాటగా ఉన్న ఆచారం ఆడదానికి అక్కరకు రాలేదు.

బిడ్డ సంగతి మరీ కష్టం. ఆచారం ప్రకారం బిడ్డది తండ్రి గట్టే. కానీ గట్టు కడుపు నింపదు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం బిడ్డ క్షేమం చూడమంటుంది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ తెగ, మతం చూడకుండా భార్యకూ బిడ్డకూ మనోవర్తి ఇచ్చింది. అప్పట్లో నెలకు 500 రూపాయలు మించకూడదన్న పరిమితిని 2001లో తీసేశారు. 2024 జూలై నుంచి అదే హక్కు నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షన్‌లో ఉంది.

1996 నాటి పెసా చట్టం ఆచారాన్ని కాపాడుకునే, తగవులు తీర్చుకునే అధికారం గ్రామసభకు ఉందన్నది. ఆ అధికారం మగవాళ్ల ఓలి లెక్కతో ఆగిపోకూడదు. ఓలి రాసే కాగితం మీదే బిడ్డ తిండి, బడి ఖర్చు ఎవరిదో కూడా రాద్దాం. తల్లి వేలిముద్ర వేసేముందు ఆమెకు చదివి వినిపిద్దాం.