సూక్ష్మదర్శిని చిత్రాలకు ఉమ్మడి ఫార్మాట్

లైట్‌షీట్ సూక్ష్మదర్శిని ఒక్క ప్రయోగంలోనే టెరాబైట్ల కొద్దీ చిత్రాలను తీయగలదు. అయితే తయారీ సంస్థలు ఎవరికి వారు సొంత ఫార్మాట్లను వాడుతుండటంతో, తగిన సాఫ్ట్‌వేర్ లేని శాస్త్రవేత్తలు వాటిని తెరవలేకపోతున్నారు. ఒకరి ఫలితాన్ని మరొకరు సరిచూడటానికి ఇది అవరోధం.

ఓపెన్ మైక్రోస్కోపీ ఎన్విరాన్‌మెంట్ బృందం రూపొందించిన ఉచిత సాఫ్ట్‌వేర్ బయో-ఫార్మాట్స్ 150కి పైగా ఫార్మాట్లను చదవగలదు. ఈ బృందం 2021లో నేచర్ మెథడ్స్ పత్రికలో వివరించిన ఓఎంఈ-జార్ విధానంలో చిత్రాన్ని చిన్న ఖండాలుగా, పలు స్థాయుల స్పష్టతతో నిల్వ చేస్తారు. అందువల్ల మొత్తం డేటాను డౌన్‌లోడ్ చేయకుండానే కావలసిన భాగాన్ని ఇంటర్నెట్‌లో పరిశీలించవచ్చు.

ఫార్మాట్ మార్చేటప్పుడు చిత్రంతో పాటు దాని వివరాలనూ భద్రపరచాలి. ఒక్కో పిక్సెల్ ఎన్ని మైక్రోమీటర్లకు సమానమో తెలియకపోతే, కణం కనిపిస్తుంది కానీ దాని పరిమాణాన్ని నిర్ధారించడం సాధ్యం కాదు.