మందకు కాపలా: తోడేలు నుంచి ఊరకుక్క దాకా

డిసెంబరు చివరి వారం. తాండూరు నుంచి బషీరాబాద్ పోయే దారికి కొంచెం ఎడంగా, కంది కోసిన నల్లరేగడి చేనులో పొద్దుగూకే వేళ గొర్ల మంద దిగుతోంది. ఇద్దరు మగవాళ్లు, ఒక పిల్లవాడు, రెండు కుక్కలు, రెండు వందలకు పైగా జీవాలు. వచ్చీ రాగానే దడి పనికి దిగారు. భుజాన మోసుకొచ్చిన నైలాన్ వల విప్పి, గూటాలు పాతి, చుట్టూ బిగించారు. వల కింది అంచు పొడుగునా చేతికందిన నాపరాతి ముక్కలు పేర్చుకుంటూ పోయారు. ఎందుకని అడిగితే పెద్దాయన వల పైకెత్తి చూపించాడు. అడుగున ఒకచోట జానెడు తూటు, పురికొసతో కుట్టి ఉంది. “కుక్క కిందికెల్లి దూరుతది సారూ. తోడేలైతే దుంకుతది. మా నాయిన ఎప్పుడూ పై అంచే చూసేటోడు. నేను కింది అంచు చూస్తున్న” అన్నాడు.

కాపరి చూపు పై అంచు నుంచి కింది అంచుకు ఎలా దిగిందో తెలుసుకోవాలంటే ముందు ఈ నేలను చూడాలి. వికారాబాద్ వైపు అనంతగిరి కొండలు, మూసీ పుట్టిన అడవి, ఎర్రమట్టి. పడమటికి పోయేకొద్దీ చెట్టు పలచబడి కాగ్నా నది, తాండూరు నల్లరేగడి, నాపరాళ్ల బండనేల. అడవి చిరుతది, బయలు తోడేలుది. మన తోడేలుకు శాస్త్రలోకంలో పేరు వచ్చింది కూడా దక్కన్ నేల తోడేలుతోనే. బొంబాయి ప్రెసిడెన్సీలో పనిచేసిన సైక్స్ అనే సైనికాధికారి 1831లో దానికి ‘కేనిస్ పాలిపెస్’ అని పేరు పెట్టాడు. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన జెర్డన్ 1867లో భారతదేశపు క్షీరదాల మీద పుస్తకం వేస్తూ, ప్రతి జంతువుకూ జనం నోట ఉన్న పేర్లు రాసుకున్నాడు. అందులో తెలుగు పేర్లూ ఉన్నాయి. దుమ్ములగొండికి ‘కొర్నగండు’ అన్న పేరును కూడా ఆయన పట్టుకున్నాడు. ఆ పేర్లన్నీ ఆయనకు చెప్పిన వాళ్లలో పశువులు కాసేవాళ్లు తప్పకుండా ఉండి ఉంటారని నా నమ్మకం. రాత్రిపూట ఏ మృగం ఎలా వస్తుందో వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

ఈ ప్రాంతంలో గొర్రెలు కాసేది కురుమలు, గొల్లలు. కురుమల చేతిలో నల్లటి దక్కనీ గొర్రె పెరిగింది. దాని ఉన్నితోనే గొంగడి. చలికీ వానకూ అదే కప్పు, రాత్రికి అదే పరుపు. వానాకాలం ఊరి దగ్గర ఉన్నన్నాళ్లు దొడ్డి ఉండేది. తుమ్మకంప, రేగుకంప మనిషెత్తున పేర్చిన దడి, కందికట్టె తడికె. తాండూరు పక్క ఊళ్లలో దీనికి నాపరాయి తోడైంది. నిలువెత్తు బండలను పక్కపక్కనే పాతి కట్టిన దొడ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. అడుగున తవ్వడానికి వీలుండదు, పైకి దుంకడానికి పట్టు దొరకదు. అసలు కష్టం పంటలు కోశాక మొదలయ్యేది. రైతు తన చేనుకు ఎరువు కోసం మంద పెట్టమంటాడు, రాత్రికి ఇన్ని జొన్నలనో తర్వాత్తర్వాత ఇంత రొక్కమనో ఒప్పుకుంటాడు. మంద ఒక చేను నుంచి ఇంకో చేనుకు కదులుతూ నెలల తరబడి బయలులోనే పడుకుంటుంది. కంపదడిని వెంట మోసుకుపోలేరు కదా. అందుకే అక్కడ మనుషులే దడి. మంద మధ్యలో ఉంటే చుట్టూ నాలుగు పక్కలా కాపర్లు గొంగళ్లు పరుచుకునేవాళ్లు. అందరిలో అనుభవమున్నవాడు బంచరాయి బీడు వైపు, గుట్ట వైపు పడుకునేవాడు. మృగం వచ్చేది అటునుంచే. చిన్న గొర్రెపిల్లలను గంపల కింద మూసి, పైన రాయి పెట్టేవాళ్లు. చేతిలో కర్ర, నడుముకు వడిసెల. కుక్కలు గొర్రెలను తోలడానికి కాదు, కాపలాకే. ముందు కుక్క మొరుగుతుంది, ఆ వెంటే మనిషి అరుస్తాడు. ఆ అరుపు ఆలస్యమైతే పిల్ల పోయినట్టే.

తోడేలు వచ్చే తీరు గురించి కాపర్లు చెప్పేది ఎక్కడైనా ఒకేలా ఉంటుంది. రెండో మూడో వస్తాయి. ఒకటి దూరంగా కనబడి కుక్కలను తన వెంట ఉరికిస్తుంది, ఇంకొకటి అవతలి పక్క నుంచి వచ్చి పిల్లను నోట కరుచుకుని పోతుంది. ఒకదాన్నే, తినడానికే. సరిహద్దు అవతల మహారాష్ట్రలో ధన్‌గర్ కాపర్లలో తోడేలు తన వాటా తాను తీసుకుపోతుందన్న భావన ఉంది. ఒక పిల్ల పోయిందని వాళ్లు తోడేలును పగవాడిగా చూడరు. దీన్ని మెత్తదనం అనుకోవద్దు. మందలో ఎన్ని పుడతాయో, ఎన్ని రోగాలకు పోతాయో, ఎన్ని మృగం నోట పడతాయో తరతరాలుగా లెక్క తెలిసినవాళ్ల మాట అది. అన్నిచోట్లా ఇదే మనసు ఉండేదనీ కాదు. దక్కన్‌లో తోడేలు బొరియ దొరికితే పొగబెట్టి పిల్లలను చంపిన కాపర్లూ ఉన్నారు.

ప్రభుత్వాలు వచ్చి మంద జోలికి పోలేదు, మృగం మీద పడ్డాయి. బ్రిటిష్ పాలనలో క్రూరమృగాన్ని చంపినవాడికి తలకింత అని బహుమానం. తుపాకీ లేనివాడు ముషిణి గింజ విషం వాడాడు. చరిత్రకారుడు మహేశ్ రంగరాజన్ లెక్క ప్రకారం 1875 నుంచి 1925 లోపల 80,000కు పైగా పులులు, లక్షన్నరకు పైగా చిరుతలు, 2 లక్షల తోడేళ్లు ఇలా పోయాయి. ఇవి ఎక్కువగా బ్రిటిష్ జిల్లాల అంకెలు. వికారాబాద్, తాండూరు నిజాం రాజ్యంలోవి, పాయిగా అమీర్ల జాగీర్ల నీడలోవి. అయినా సరిహద్దు గీత అవతల తోడేలు తలకు వెల కట్టినప్పుడు గీత ఇవతల దానికి విలువ పెరుగుతుందా? ఆ యాభై ఏళ్లలో ఖజానా నుంచి మృగం తలకు డబ్బు పోయింది. దొడ్డి కట్టుకోవడానికి కాపరికి ఎంత పోయిందో వెతికితే చెప్పుకోదగ్గది ఏదీ కనిపించదు. నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

అమెరికా ఇదే దారిలో ఇంకా దూరం పోయి వెనక్కి వచ్చింది. అక్కడ గొర్రెలకు శత్రువు కొయోట్, మన నక్కకు దగ్గరి చుట్టం. 1915 నుంచి కేంద్ర ప్రభుత్వమే డబ్బిచ్చి వేటగాళ్లను పెట్టి చంపించింది, విషాలు చల్లించింది. కొయోట్ తగ్గలేదు సరికదా, ముందు లేని తూర్పు రాష్ట్రాలకు కూడా పాకింది. చివరికి 1972 ఫిబ్రవరిలో అధ్యక్షుడు నిక్సన్ ప్రభుత్వ భూముల్లో విషం వాడకాన్ని ఆపేశాడు. ఆ తర్వాత 1977 నుంచి పరిశోధకులైన కాపింజర్ దంపతులు హాంప్‌షైర్ కాలేజీలో ఐరోపా నుంచి, టర్కీ నుంచి కాపలా కుక్కల జాతులు తెప్పించి, పిల్లప్పటి నుంచి గొర్రెల మధ్యే పెంచి రైతులకు ఇచ్చారు. కుక్క గొర్రెను తనదనుకుంటే చాలు, చంపకుండానే కొయోట్‌ను దూరం పెడుతుందని రుజువైంది. మన కాపరి ఈ సంగతి ఏ కాలేజీకీ పోకుండానే నేర్చుకున్నాడు. మంద కుక్క మందలోనే పుడుతుంది, పాలమ్మే వాళ్ల కుండలో మిగిలిన మజ్జిగ తాగి పెరుగుతుంది, ఊళ్లోకి పోతే పరాయిదానిలా నిలబడుతుంది.

అదే 1972లో సెప్టెంబరు 9న మన వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. తోడేలు మొదటి షెడ్యూల్లోకి, అంటే పులితో సమానమైన రక్షణలోకి వచ్చింది. కానీ చట్టం తోడేలును కాపాడింది గాని తోడేలు ఉండే బయలును కాపాడలేదు. బంచరాయి భూములు సాగులోకి పోయాయి. తాండూరు చుట్టూ నాపరాయి గనులు పరుచుకున్నాయి. కృష్ణజింకలు పలచబడ్డాక తోడేలు ఎక్కువగా మంద మీదే ఆధారపడింది, కాపరి కోపానికి ఇంకా దగ్గరైంది. ఇప్పుడు దేశం మొత్తం మీద తోడేళ్లు మూడు వేల చిల్లరే ఉంటాయని అంచనా. తాండూరు తాలూకా 1956 దాకా గుల్బర్గా జిల్లాలోది. గీత గీసి తెలుగు వైపు కలిపారు గాని, మందల దారులు, మృగాల దారులు గీతను ఎరుగవు. గీతకు అవతల, కర్ణాటకలోని చించోళి అభయారణ్యంలో తోడేలు, దుమ్ములగొండి ఇంకా ఉన్నాయి. ఇవతలి పక్క పెద్దాయన మాత్రం తోడేలును చూసి చాలా ఏళ్లయిందన్నాడు. చిరుత కబురు అనంతగిరి పక్క ఊళ్లలో అప్పుడప్పుడూ వస్తూనే ఉంటుంది, రాత్రిళ్లు జనం భయపడతారు, అటవీ శాఖ వాళ్లు వచ్చి అడుగులు చూసి పోతారు. నక్క ఇంకా ఉంది. కంది చేను ఎదిగితే దానికి ఇల్లే. ఒంటరిగా తప్పిపోయిన మేకపిల్ల, పెరటి కోడి దాని వాటా. అడవిపిల్లి, ముంగిసల పని కోళ్లతోనే. పొద్దుగూకగానే గంప మూసే ఇల్లాలికి వాటితో ఎట్లా వేగాలో తెలుసు.

తోడేలు ఖాళీ చేసిన చోటికి వచ్చింది ఊరకుక్క. ఎందుకొచ్చిందన్న ప్రశ్నకు జవాబు ఆకాశంలో ఉంది. 1990లలో పశువులకు వాడిన డైక్లోఫెనాక్ మందు కళేబరాల ద్వారా రాబందుల కడుపులోకి పోయి, కొన్నేళ్లలోనే వాటిని దాదాపు తుడిచిపెట్టింది. ప్రభుత్వం 2006లో పశువైద్యంలో ఆ మందును ఆపే నాటికే జరగాల్సింది జరిగిపోయింది. అంతకుముందు చచ్చిన ఎద్దును ఊరి బయట పడేస్తే పొద్దుగూకేలోపు ఎముకలే మిగిలేవి. ఇప్పుడది రోజుల తరబడి కుక్కల పాలు. దానికితోడు ప్రతి పెద్ద ఊళ్లో చికెన్ సెంటర్లు, వాటి వ్యర్థాలు చెరువు గట్టునో, పరిగి మీదుగా కొడంగల్ పోయే జాతీయ రహదారి పక్కనో, పాడుబడ్డ గనిగుంటలోనో పడతాయి. మాంసం రుచి మరిగి, గుంపు కట్టి, మనిషంటే భయం లేని కుక్కలు అక్కడే పుట్టి పెరుగుతున్నాయి. తోడేలు మనిషి వాసనకు జంకుతుంది. ఊరకుక్క మనిషి మధ్యే పెరిగింది. కాపరి అరుపు దానికి కొత్త కాదు. “తోడేలు ఒక్కదాన్ని ఎత్తుకపోతది, తింటది. కుక్కలు తినయి. కొరుకుతయ్, పడేస్తయ్, ఇంకోదాని మీద పడతయ్. పొద్దున లేచి చూస్తే దొడ్డి నిండా పిల్లలు పడుంటయ్” అని పెద్దాయన చెప్తుంటే పక్కనున్న పిల్లవాడు చేతిలోని రాయి పెట్టడం ఆపి విన్నాడు. గొర్రెలు తినేటోడు పోయి బర్రెలు తినేటోడు వచ్చినట్టు అన్న సామెత ఈ కాపర్ల విషయంలో మాటకు మాట నిజమైంది.

ఇది జరుగుతున్న కాలంలోనే తెలంగాణలో జీవాల సంఖ్య ఎన్నడూ లేనంత పెరిగింది. 2017 జూన్ 20న సిద్దిపేట జిల్లా కొండపాకలో మొదలైన గొర్రెల పంపిణీ పథకంలో ఒక్కో కుటుంబానికి 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చారు. యూనిట్ ధర అప్పట్లో రూ.1.25 లక్షలు, అందులో 75 శాతం రాయితీ. 2019 పశుగణనలో 1.9 కోట్ల గొర్రెలతో రాష్ట్రం దేశంలోనే మొదటి స్థానానికి వచ్చింది. మంచి మాటే. కానీ ఇరవై ఒక్క జీవాలున్న ఇల్లు నాలుగు పక్కలా మనుషులను పడుకోబెట్టలేదు. పెద్ద మందకు ఉన్న బలం ఇందులో లేదు. చదువుకున్న కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగానికి పోతే, రాత్రికి దొడ్డి దగ్గర మిగిలేది అరవై దాటిన తండ్రి. గొర్రెలు ఇచ్చినప్పుడు బీమా ఇచ్చారు, మందులు ఇచ్చారు. కాపలాకు ఏమిస్తారన్న ప్రశ్న అప్పుడే అడిగి ఉండాల్సింది. మేత కూడా అంతే. పూడూరు దగ్గరి దామగుండం అడవిలో 2,900 ఎకరాలను నౌకాదళ రేడియో కేంద్రానికి కేటాయించి 2024 అక్టోబరు 15న శంకుస్థాపన చేశారు. పూడూరు పక్క జీవాలకు అంతమేర కంచె పడుతుంది. మేత కోసం మంద ఊళ్ల దగ్గరికి, రోడ్ల దగ్గరికి, అంటే కుక్కల దగ్గరికే జరగాల్సి వస్తోంది.

పోయిన జీవానికి న్యాయం ఎవరిని అడగాలి? చిరుతో తోడేలో చంపితే అటవీ శాఖకు అర్జీ పెట్టుకోవచ్చు. ఊరకుక్క వన్యమృగం కాదు, అది ఆ పరిహారం కిందికి రాదు. కుక్కను చంపడమూ నేరమే, చంపడం దారీ కాదు. 2001లో వచ్చి 2023లో మారిన జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం పట్టి, ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలాలి. బాధ్యత స్థానిక సంస్థది. నగరానికే భారమైన ఈ పనిని ఆపరేషన్ గది కూడా లేని గ్రామ పంచాయతీ ఎట్లా చేయాలి? విసిగిన చేతులు పురుగుమందు కలిపిన మాంసం వైపో, పొలం చుట్టూ కరెంటు తీగ వైపో పోతున్నాయి. ఆ విషం నక్కనూ మంద కుక్కనూ చంపుతుంది, ఆ తీగ మనుషులనే చంపుతోంది.

నిజానికి పనికొచ్చే ఉపాయాలు పెద్ద ఖర్చువి కావు. లద్దాఖ్‌లో మంచు చిరుతల నుంచి మేకలను కాపాడడానికి దొడ్ల గోడలు ఎత్తు చేసి, పైన ఇనుప జాలీ కప్పారు. రాత్రి దొంగతనం ఆగేసరికి చిరుత మీద పగా తగ్గింది. మనకు అడ్డు కింద కావాలి. నాపరాయి ఇక్కడే దొరుకుతుంది. చుట్టూ అడుగు లోతున పాతిన బండ, దాని మీద మనిషెత్తు చైన్‌లింక్ జాలీ ఉంటే కుక్క లోపలికి రాదు. ఉపాధి హామీలో మేకల పాకలను చేర్చారు. పాకతోపాటు కంచె కూడా అందులోకి వస్తే ఊళ్లో ఉండే ఇరవై ఒక్క జీవాల ఇల్లు నిద్రపోగలదు. చికెన్ వ్యర్థాలను గుంటలో పూడ్పించడం పంచాయతీ చేతిలో ఉన్న పని, రేపే మొదలుపెట్టొచ్చు. కదిలే మందకు మాత్రం ఇవేవీ అందవు. దానికి ఇప్పటికీ వల, గూటం, కుక్క, మేలుకున్న మనిషి.

చీకటి పడింది. పిల్లవాడు గూటానికి సోలార్ లైటు తగిలించాడు. ఒక మూలన ఫోన్‌లో పాటలు పెట్టి వదిలారు, మనుషులు మేలుకునే ఉన్నారని కుక్కలు అనుకోవడానికట. గొర్రెలు ఒకదాన్నొకటి ఆనుకుని కూర్చున్నాయి. పెద్దాయన వల చుట్టూ ఒకసారి తిరిగి, కదిలిన రాయినల్లా కాలితో లోపలికి తోశాడు. తర్వాత గొంగడి దులిపి పక్క వేసుకున్నాడు. వాళ్ల నాయిన పడుకునే గుట్ట వైపు కాదు, దీపాలు కనబడుతున్న ఊరి వైపు.